నిండుగా దాచిన బ్యాటరీలు

బ్యాటరీ వాడితే తరుగుతుందని అందరికీ తెలుసు. ముట్టుకోకుండా బీరువాలో పెట్టినా తరుగుతుందని నాకు తెలిసేసరికి నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఆ చదువు నాకు అబ్బిన తీరు గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా కొత్తగా ఈ పనుల్లో చేరుతున్న పిల్లలకి ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు. నా పేరు కూడా అవసరం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను బందరులో వైర్‌లెస్ సెట్ల మరమ్మతు చూసేవాణ్ణి. తీరం పొడుగునా ఉన్న మా తుపాను హెచ్చరిక పోస్టులకి సెట్లు ఇవ్వడం, పాడైతే బాగుచేయడం, తుపాను రోజుల్లో అన్నీ మాట్లాడేలా చూడడం నా పని. ఆఫీసు వెనక ఆస్‌బెస్టాస్ రేకుల స్టోరు, దాన్ని ఆనుకుని ఒక గది. ఆ గదిలోనే ఉండేవాణ్ణి. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని మొదట్లో అడిగేవాళ్లు. తర్వాత అడగడం మానేశారు. ఆదివారాలు గిలకలదిండి చేపల రేవు దాకా నడిచి వెళ్లి, వలలు అల్లుకునేవాళ్లని చూస్తూ కూర్చుని, ఎండెక్కాక తిరిగొచ్చేవాణ్ణి. ఏళ్ల తరబడి వెళ్లినా అక్కడ నన్ను పలకరించిన మనిషి లేడు. నేనూ ఎవరినీ పలకరించలేదు, అది వేరే విషయం.

సాయంత్రం ఆరున్నరకి ప్రతి పోస్టునీ పిలిచి సెట్టు పనిచేస్తోందో లేదో చూడాలి. అందరూ ‘ఓకే’ అని కట్ చేసేవాళ్లు. పాలకాయతిప్ప పోస్టులో ఉండే ఆపరేటరు మాత్రం కాసేపు మాట్లాడేవాడు. ఆయనది ఆ పక్క పల్లెకారుల కుటుంబమే. పదో తరగతి చదివి, వేట మానేసి ఈ ఉద్యోగంలో చేరాడు. నాకంటే పదేళ్లు చిన్న. మొదట్లో ‘సార్’ అనేవాడు. వద్దన్నాక ‘అన్నగారు’ అన్నాడు.

“ఇయ్యాల అల ఎర్రగా ఉందన్నగారూ. మీ బందర్లో ఎట్టా ఉంది?”

“నాకు అల ఎక్కడ కనపడుతుందయ్యా, రేకులు కనపడతాయి గానీ.”

“అన్నం తిన్నారా?”

రోజుకి ఐదు నిమిషాలు. నాతో ఆఫీసు పని గాక వేరే మాట మాట్లాడేది ఆయనొక్కడే. మేం ఎదురెదురుగా కలుసుకున్నది అప్పటికి రెండే సార్లు.

ఇక బ్యాటరీల సంగతి. అంతకుముందు మా సెట్లకి నికెల్-కాడ్మియం బ్యాటరీలుండేవి. వాటిని పక్కన పెడితే నెల తిరక్కుండా వట్టిపోయేవి. అందుకని వారం వారం ఛార్జర్ మీద పెట్టి నిండుగా ఉంచడం అలవాటు చేసుకున్నాను. ఇరవై ఏళ్లలో నా స్టోరు నుంచి ఖాళీ బ్యాటరీ బయటికి పోలేదు. ఆ పేరు నాకుంది. పై ఆఫీసుల వాళ్లు వచ్చినప్పుడు మా ఇంజనీరుగారు నా రిజిస్టరు తెరిచి చూపించేవారు.

అప్పుడు లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చాయి. చేతిలో పట్టుకుంటే డొల్ల పెట్టెలా తేలిగ్గా ఉండేవి. వచ్చిన వాటిలో సగం నా దగ్గర ఉంచి, సగం గుడివాడలో మా చిన్న స్టోరుకి పంపాను. పాతవి ఇంకా పనిచేస్తున్నాయి కదా, కొత్తవి తుపాను రోజులకని దాచాను. ఒక్కొక్క పెట్టెలో ఇంగ్లీషులో అచ్చేసిన మడత కాగితం ఉంది. నా దగ్గరున్న పెట్టెల్లోని కాగితాలన్నీ తీసి, విప్పకుండానే ఒక కవరులో పెట్టి, కవరుని ఎక్కడో పెట్టాను. బ్యాటరీలని ఇనప బీరువాలో వరసగా పేర్చాను. ప్రతి శనివారం తీసి ఛార్జర్ మీద పెట్టి, పచ్చదీపం వెలిగాక మళ్లీ లోపల పెట్టి, రిజిస్టరులో ‘ఫుల్’ అని రాసేవాణ్ణి. అలా రెండు ఎండాకాలాలు గడిచాయి. మధ్యాహ్నం పూట ఆ బీరువా తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. పచ్చదీపం మాత్రం ప్రతి శనివారమూ వెలిగేది.

మూడో ఏడు పాత బ్యాటరీలు దాదాపు అన్నీ పోయాయి. తుపానుల కాలం మొదలవగానే కొత్తవి తీసి పోస్టుకి రెండేసి చొప్పున పంపించాను. నాలుగు రోజులయ్యాక సాయంత్రం పిలుపులో ఆపరేటరు అన్నాడు:

“అన్నగారూ, ఈ కొత్త బ్యాటరీ పొద్దున పెడితే సాయంత్రానికి ఛార్జింగు గీతలు పడిపోతన్నాయండి. ఎందుకో నాకు నమ్మకం కుదరట్లేదు.”

“అది కొత్త సరుకయ్యా. నేను రెండేళ్లు చంటిబిడ్డలా చూసుకున్నాను. నువ్వు కబుర్లు తగ్గించు, అదే ఉంటుంది” అన్నాను నవ్వుతూ.

ఆయన కూడా నవ్వాడు. ఆ మాట నేను అప్పుడే మర్చిపోయాను.

వారం తిరక్కుండా వాయుగుండం తుపానుగా మారింది. అది తీరానికి రావడానికి ముందురోజు మధ్యాహ్నమే పాలకాయతిప్ప ఉన్న దివిసీమ మొత్తం కరెంటు పోయింది. ఫోన్లు కూడా పోయాయి. తెల్లవారి మేమంతా కంట్రోల్ రూములో ఉన్నాం. గాలి అప్పటికి ఇంకా పెద్దగా లేదు, వాన మాత్రం ఆగకుండా కురుస్తోంది. పాలకాయతిప్ప నుంచి ప్రతి అరగంటకీ పిలుపు వస్తోంది. ఊళ్లోవాళ్లని బడిలోకి చేరుస్తున్నానని, ఇంకా కొందరు రావాలని చెబుతున్నాడు. ఒకసారి కంట్రోల్ రూము చూసే అధికారి పక్కకి వెళ్లినప్పుడు నేను మైకు తీసుకుని, “జాగ్రత్తయ్యా, ఏమన్నా తిన్నావా?” అన్నాను.

“తిన్నానండి. మీరు?” అన్నాడు. ఇంకో రెండు మాటలు మాట్లాడుకున్నాం.

తొమ్మిది దాటాక ఆయన గొంతు హడావుడిగా వచ్చింది.

“కంట్రోల్, కంట్రోల్. ఎండుచేపల పాకల్లో మనుషులు ఉండిపోయారండి. దిబ్బ చుట్టూ నీళ్లు ఎక్కేత్తన్నాయి. ఇంజను పడవ పంపండి. మొత్తం పద్...”

అంతే. చప్పుడు కూడా రాలేదు.

ఏటి ముఖం దగ్గర ఎండుచేపల పాకలున్న దిబ్బలు మూడు ఉన్నాయి. ఏ దిబ్బ? ఎంతమంది? నాగాయలంకలో ఇంజను పడవ సిద్ధంగానే ఉంది, కానీ ఆ వాతావరణంలో మూడు దిబ్బలూ వెతుక్కుంటూ వెళ్లమని ఎవరు చెబుతారు? అధికారి నా వంక చూశారు. “స్పేరు ఉందిగా, మారుస్తాడు సార్” అన్నాను. నిజంగానే ఐదు నిమిషాలకి సెట్టు మళ్లీ పలికింది. “కంట్రోల్, దిబ్బ...” అన్నాడు. మాట్లాడే మీట నొక్కగానే సెట్టు ఆరిపోతోందని నాకు అర్థమైంది. రెండోసారి ‘కంట్రోల్’ అన్న మాట కూడా పూర్తిగా రాలేదు. తర్వాత ఏమీ రాలేదు.

నేను పిలుస్తూనే ఉన్నాను. గంటసేపు ఒకటే పేరు పిలిచాను. గదిలో పదిమంది ఉన్నారు, ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ నా పక్కకి రాలేదు.

అక్కడ జరిగింది తర్వాత తెలిసింది. రెండో బ్యాటరీ కూడా పోయాక ఆయన సెట్టు అక్కడే వదిలి, కరకట్ట ఎక్కి కోడూరు వైపు బయల్దేరాడు. కొంత దూరం సైకిలు మీద, గాలి ముదిరాక సైకిలు పారేసి నడక. దారిలో ఏదో షెడ్డు రేకు ఎగిరొచ్చి కుడిచేతికి తగిలింది. పైకండువా చుట్టుకుని నడిచాడు. కోడూరులో ఇంకో సెట్టు పనిచేస్తోంది, దానికి జీపు బ్యాటరీ తగిలించారు. అక్కడినుంచి ఆయన మాట మాకు వినపడేసరికి రెండు గంటల పైన గడిచింది. “తూర్పు దిబ్బ, పద్నాలుగు మంది” అన్నాడు.

పడవ వెళ్లింది. పదముగ్గురిని తీసుకొచ్చింది. మెడలోతు నీళ్లలో పాక గుంజలు పట్టుకుని నిలబడ్డారట. పద్నాలుగో మనిషి ఒక ముసలాయన. పడవ రావడానికి కాసేపటి ముందు ఆయన చెయ్యి జారిపోయిందని మిగిలినవాళ్లు చెప్పారు.

పడవ రెండు గంటల ముందు వెళ్లి ఉంటే ఆయన బతికేవాడా? బతికేవాడని నా నమ్మకం. కాదని చెప్పినవాళ్లూ ఉన్నారు.

నీళ్లు తీశాక విచారణ మొదలైంది. ఆపరేటరు మీద రెండు నేరాలు రాశారు. సెట్టు మీద అనవసరంగా మాట్లాడి బ్యాటరీలు ఖర్చు చేశాడని ఒకటి. చెప్పకుండా పోస్టు వదిలి వెళ్లాడని రెండోది. మా ఇంజనీరుగారు నన్ను పిలిచారు. మంచి మనిషే ఆయన.

“మీ రిజిస్టరు చూశానండీ. ఒక్క శనివారం కూడా తప్పలేదు. అన్నీ ఫుల్. మీ మీదకి ఏమీ రాదు. ఆ ఆపరేటరే అతిగా వాడేశాడు, అంతే కదా?”

“ఒక వారం టైమివ్వండి సార్” అన్నాను.

పోస్టుల నుంచి బ్యాటరీలన్నీ వెనక్కి తెప్పించాను. ఒక్కొక్కటీ ఛార్జర్ మీద పెడితే పచ్చదీపం. మీటరు పెడితే నిండు వోల్టేజి. స్కూటర్ బల్బు ఒకటి కట్టి, ఎదురుగా గడియారం పెట్టుకుని కూర్చున్నాను. బల్బు ఎంతసేపు వెలగాలో కాగితం మీద లెక్క వేసి ఉంచాను. మొదటి బ్యాటరీ ఆ లెక్కలో సగం కూడా రాలేదు. రెండోదీ అంతే. వారమంతా స్టోరు తలుపు వేసుకుని బల్బులు ఆరిపోతుంటే టైములు రాసుకున్నాను. పాలకాయతిప్ప బ్యాటరీలు రెండూ అందరికంటే ముందు ఆరాయి. నా బీరువాలో అవి పై అరలో, రేకుకి దగ్గరగా ఉండేవి.

విషయం ఏమిటంటే, బ్యాటరీని గిన్నె అనుకుంటే, ఆ గిన్నె కుంచించుకుపోయింది. ఉన్న గిన్నెలో అంచుదాకా నీళ్లున్నాయి కాబట్టి పచ్చదీపం ‘నిండింది’ అని చెబుతోంది. గిన్నె ఎంతదో ఆ దీపానికి తెలియదు. నేనూ అడగలేదు.

అప్పుడు గుడివాడ గుర్తొచ్చింది. బస్సెక్కాను. పామర్రు దగ్గర బస్సు అరగంట ఆగిపోతే దిగి టీ కూడా తాగకుండా సీట్లోనే కూర్చున్నాను. గుడివాడ బ్యాటరీలు కూడా పోయి ఉంటే అది సరుకు లోపం, కంపెనీ తప్పు. అలాగే ఉండాలని కోరుకున్నాను. దాచడం ఎందుకు?

గుడివాడ స్టోరుకీపరు బద్ధకానికి పెట్టింది పేరు. వారపత్రికలు చదువుతూ కాలం గడిపే మనిషి. స్టోరు ఒక పాత పెంకుటింట్లో, మూరెడు మందం గోడల మధ్య చల్లగా ఉండేది. నన్ను చూసి కంగారుపడ్డాడు.

“తనిఖీయా గురూగారూ?”

“కాదు. కొత్త బ్యాటరీలు పంపానే, ఎక్కడున్నాయి?”

ఆయన టేబులు కింద చెయ్యి పెట్టి పెట్టె లాగాడు. కట్టిన దారం కూడా విప్పలేదు. రెండున్నర ఏళ్లుగా దానిమీద కాళ్లు పెట్టుకుని చదువుకుంటున్నాడు.

“ఒక్కసారన్నా ఛార్జింగు పెట్టారా?”

“పెడదామనే అనుకున్నానండీ...” అని తల గోక్కున్నాడు. “పైకి రాయకండి, పుణ్యముంటుంది.”

అక్కడే ఛార్జర్ పెట్టి, బల్బు కట్టి చూశాను. మొదటి బ్యాటరీ నా లెక్కకి దాదాపు చివరిదాకా వెలిగింది. రెండోదీ వెలిగింది. మూడోది పెట్టేసరికి సాయంత్రమైంది. స్టోరుకీపరు నా పక్కన కూర్చుని, “బాగానే ఉన్నాయిగా?” అన్నాడు సంతోషంగా. చేతిలో పెట్టుకుని పెంచినవి చచ్చాయి. కాళ్ల కింద పడేసినవి బతికాయి.

పెట్టె అడుగున మడత కాగితం ఉంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు చదవనక్కర్లేదనుకున్న కాగితం. విప్పాను. చిన్న అక్షరాల్లో, చివరి పేరాలో ఉంది: ఎక్కువ కాలం నిల్వ ఉంచేటప్పుడు సగం ఛార్జి మీద, చల్లని చోట ఉంచవలెను. నిండుగా ఛార్జి చేసి వేడి ప్రదేశంలో ఉంచరాదు.

ఎందుకు అలా జరుగుతుందో నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత, రిటైరయ్యాక, బ్యాటరీల మీదే పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి విజయవాడ బస్సులో నా పక్కన కూర్చుంది. నేను చేసిన ఉద్యోగం విని ఉత్సాహంగా చెప్పింది.

“నిండా ఛార్జి చేస్తే లిథియం అంతా ఒక వైపుకి చేరి, అక్కడున్న కార్బన్‌లో సర్దుకుంటుంది మావయ్యగారూ. దానికి లోపలున్న ద్రవం తగిలి, పైన సన్నటి పొర కడుతుంది. ఆ పొర కట్టడానికి కాస్త లిథియం ఖర్చవుతుంది. వేడిలో పొర మందమవుతూనే ఉంటుంది. అందులో చిక్కుకుపోయిన లిథియం ఇక వెనక్కి రాదు.”

“ఇప్పుడు ఆ బాధ లేదా అమ్మా?”

“ఇప్పుడు ఇంకా ఎక్కువండీ” అని నవ్వింది. “మేం కార్బన్‌లో సిలికాన్ కలుపుతున్నాం. చాలా ఎక్కువ లిథియం పడుతుంది. కానీ పట్టుకున్నప్పుడల్లా సిలికాన్ ఉబ్బుతుంది, పైపొర పగులుతుంది. పగిలిన చోట కొత్త పొర, దానికి మళ్లీ లిథియం. పైగా ఆ పొర గట్టిగా నిలవదు. ఊరికే పెట్టినా కరుగుతూ, కడుతూ ఉంటుంది. నాలుగేళ్లుగా నేను చేస్తున్నదదే. బ్యాటరీలని అరలో పెట్టడం, నెలలు ఆగడం, ఎంత పోయిందో చూడడం.”

నేనూ అదే పని చేశానని, నాకు మాత్రం తెలియకుండా చేశానని ఆ అమ్మాయికి చెప్పలేదు. పామర్రులో దిగిపోయింది.

గుడివాడ నుంచి తిరిగొచ్చి రిపోర్టు రాశాను. నా పాత కవరు ఎక్కడ పోయిందో దొరకలేదు కాబట్టి, గుడివాడలో దొరికిన ఆ మడత కాగితం నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. చించేస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. పామర్రు నుంచి బందరు దాకా అది నా జేబులోనే ఉంది, చెయ్యి దానిమీదే ఉంది. చివరికి రిపోర్టుకి గుండుసూదితో గుచ్చి ఇంజనీరుగారి ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. “ఇది పైకి పంపితే మీ ఒక్కరి మీదే పడుతుందండీ. కాస్త మెత్తగా రాయొచ్చుగా.”

“ఆపరేటరు మీద రాసింది మెత్తగా లేదు కదా సార్.”

ఆయన సంతకం పెట్టారు. ఆపరేటరు మీద విచారణ ఎత్తేశారు. నా మీద హెచ్చరిక రాసి, గుడివాడ స్టోరుకి మార్చారు. అక్కడ బద్ధకపు స్టోరుకీపరు పక్క కుర్చీ నాకిచ్చారు. ఆయన మంచివాడు, వారపత్రిక చదివేసి నాకిచ్చేవాడు. మిగిలిన సర్వీసంతా అక్కడే గడిచింది.

గుడివాడ వెళ్లేముందు సెలవు పెట్టి ఆపరేటరుని చూడ్డానికి పాలకాయతిప్ప వెళ్లాను. కుడిచేతి కట్టు విప్పారు గానీ మూడు వేళ్లు ముడుచుకోవడం లేదు. ఆయన భార్య మంచం వాల్చింది. ఎప్పుడూ సెట్టులో వినే గొంతు ఎదురుగా ఉంటే ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. జరిగిందంతా వరసగా చెప్పాను. బీరువా, శనివారాలు, మడత కాగితం.

ఆయన కట్టు విప్పిన చేతిని ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు.

“అయితే కబుర్ల వల్ల కాదాండి?” అన్నాడు చివరికి.

నాకు అర్థం కాలేదు.

“కబుర్లు తగ్గించమన్నారుగా మీరు. ఆ పొద్దున కూడా మాట్లాడుకున్నాం, తిన్నారా అని. ఆ నాలుగు మాటలూ మానేసుంటే పద్నాలుగు అనే మాట వెళ్లేదేమోనని... ఇన్నాళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదన్నగారూ.”

“కాదయ్యా. ఆ మాటలతో ఏమీ తగ్గలేదు. నేను పంపినప్పుడే వాటిలో ఏమీ లేదు.”

ఆయన ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు. లోపలికి చూసి, “టీ పెట్టవే” అన్నాడు. ఆ గొంతు నేను సెట్టులో విన్న గొంతులాగే ఉంది.

టీ తాగాక నన్ను ఆ చనిపోయిన ముసలాయన ఇంటికి తీసుకెళ్లమన్నాను. “ఎందుకండీ?” అన్నాడు గానీ లేచాడు. ముసలాయన భార్య గుమ్మం ముందు వల ముందేసుకుని కూర్చుంది. చేతులు ఆపకుండానే విన్నది. నేను చెప్పిన దాంట్లో బ్యాటరీ, వేడి, కాగితం, ఇవన్నీ ఆమెకి ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. నా తప్పు అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పాను.

ఆమె తల ఎత్తింది. “మా అల్లుడు ఏటకెల్తన్నాడు బాబూ. ఇప్పుడిచ్చే బ్యాటరీలన్నా పనిచేత్తాయా?”

విచారణలో నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఔనని చెప్పబోయాను. పచ్చదీపాన్ని నమ్మి చెప్పినట్టే అవుతుందనిపించి ఆగాను. పోస్టుకి వెళ్లి, నా రిపోర్టు తర్వాత గుడివాడ పెట్టెలోంచి పంపిన బ్యాటరీ వేసిన సెట్టు తీసుకుని వచ్చాను. ఆమె గుమ్మం పక్కన అరుగు మీద పెట్టి కూర్చున్నాను. అప్పటికి పొద్దున పదవుతోంది. అరగంటకోసారి మీట నొక్కి బందరుని పిలిచాను. నా స్థానంలో కొత్తగా వచ్చినాయన, నాకు ముఖం తెలియని మనిషి, ప్రతిసారీ ‘వినపడుతోంది’ అన్నాడు. ఆపరేటరు కాసేపు ఉండి, చెయ్యి నొప్పెడుతోందని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఆమె కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టి పక్కన ఉంచింది. తిన్నాను. మళ్లీ పిలిచాను. వినపడుతోంది. ఎండ అరుగు దిగి, వాకిలి దాటి, ఎదురింటి గోడ ఎక్కింది. ఆమె ఒక వల ముగించి ఇంకోటి ముందేసుకుంది.

పొద్దు కుంకే వేళ మరోసారి పిలిచాను. బందరు పలికింది.

ఆమె వల మడిచి పక్కన పెట్టింది. “పనిచేత్తందిలే బాబూ. ఆఖరి బస్సు ఎల్లిపోద్ది, ఇంక లెగండి” అంది.